ఇంద్రావతి ఆవలి ఒడ్డు పాట: గోండ్వానా విశ్వవిద్యాలయ ఉపకులపతులవారికి బహిరంగ లేఖ

భామ్రాగడ్

మహాశయా,



గడచిరోలి జిల్లాలో నివసించువారు కచేరీలకు మరాఠీలోను, పెద్ద చదువుల వారికి ఇంగ్లీషులోను అర్జీలు వ్రాసికొనుట వాడుక గదా, పదవీవిరమణ పొందిన ఒక బడిపంతులు తెలుగున లేఖ వ్రాసి, దానిని పత్రిక కెక్కించుటలో ఔచిత్యమేమని తమకు సందేహము కలుగవచ్చును. సిరొంచ తాలూకాలో పుట్టి, ఇంట తెలుగును, బడిలో మరాఠీని, సంతలో మాడియా మాటలను నేర్చి పెరిగిన నావంటివానికి మనసులోని సంగతి తీరికగ విప్పి చెప్పుకొనుటకు తెలుగే అనువైనది. మరాఠీ ప్రతిని వేఱుగ తమ కార్యాలయమునకు పంపుచున్నాను. ఇది బహిరంగ లేఖ యగుటకు మఱియొక హేతువును కలదు. నేను కోరబోవు పనిలో 2011లో ఈ చంద్రపూరు, గడచిరోలి జిల్లాల కొఱకు వెలసిన తమ విశ్వవిద్యాలయమున కెంత బాధ్యత యున్నదో, ప్రాణహితా గోదావరుల కావలనున్న తెలుగు పాఠకులకును ఇంచుమించు అంత బాధ్యత యున్నదని నా నమ్మకము.

నేను విన్నవింపదలచినది ఒక గ్రామఫోను రికార్డును గూర్చి. న్యూయార్కు నగరమునందలి ఫోక్‌వేస్ సంస్థ ఎఫ్.ఇ. 4028 అను సంఖ్యతో 1983లో ప్రకటించిన ఆ రికార్డు పేరు ‘ట్రైబల్ మ్యూజిక్ ఆఫ్ ఇండియా: ది మురియా అండ్ మారియా గోండ్స్ ఆఫ్ మధ్యప్రదేశ్’. దానిని సమకూర్చినవారు ఒహాయో రాష్ట్రమునందలి ఓబర్లిన్ కళాశాలలో సంగీతశాస్త్రాధ్యాపకులుగ నుండిన రోడెరిక్ నైట్. పేరులోని మధ్యప్రదేశము చూచి ఎక్కడిదో యని తలపనక్కఱలేదు. అందలి మురియాలు, మారియాలు బస్తరు సీమవారు. ఆ సీమ 2000 నవంబరు 1 నుండి ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములోనికి వచ్చినది. రికార్డు వెలువడుటకు ఒక్క యేడు ముందు, 1982 ఆగస్టు 26న, మన గడచిరోలి కూడ చంద్రపూరు నుండి విడివడి జిల్లా యైనది. ఈ విధముగ ఇంద్రావతికి రెండు వైపుల నున్న పాలనా సరిహద్దులు మాఱినవిగాని, ఆ నదికి రెండు వైపుల పాడువారు మాఱలేదు.

భామ్రాగడ్‌లో నిలుచుండి విన్నచో ఈ రికార్డు పరాయి దేశపు వింతవలె తోచదు. ఇంద్రావతి, పాములగౌతమి, పర్లకోట అను మూడు నదులు కలియు చోట వెలసిన ఈ తాలూకా కేంద్రమునకు, వానకాలమున పర్లకోట వంతెన మునిగినపు డెల్ల ఆలాపల్లి దారి తెగిపోవుటయు, వారముల తరబడి ఉప్పు, పప్పు, మందులు అందకపోవుటయు పత్రికలలో తఱచుగ వచ్చు వార్తయే. ఆ నీటికి ఆవల, అబూజ్‌మాడ్ కొండలలో, ఈ ఒడ్డు మాడియాలకు వియ్యములు గలవారును, పాలివారును, ఉమ్మడి వేల్పులును ఉన్న సంగతి అంతగ వార్తలకెక్కదు. పైవారు మారియాలని వ్రాసినవారే ఇచట మాడియాలు. వారి నుడియును మన తెలుగును ద్రావిడ కుటుంబమున ఒకే శాఖకు, మధ్య దక్షిణ శాఖకు, చెందినవని భాషావేత్తలు నిర్ణయించిరి. కావున ఈ రికార్డు విషయమున మనము ఆతిథ్య మిచ్చువారమే గాని, అతిథులము కాము.

ఇక దాని గుణమును గూర్చి. సినిమా పాటకును, సభా కచేరీకిని అలవాటుపడిన చెవికి ఈ సంగీతము మొదటి వినికిడిలో కొంత నిరాశను కలిగించుట సహజము. పల్లవి ఎచట ముగిసినది, చరణ మెచట మొదలైనది, గాయకు డెవరు, పక్కవాద్య మెవరిది అని ఆ చెవి వెదకును. వెదకినది దొరకక విసుగు చెందును. రెండవమారు వినునపుడు, ఇచటి పల్లెలలో రేలా ఆటను కన్నులార చూచినవాడైనచో, సంగతి బోధపడును. ఈ పాట ఒక గొంతుకు చెందినది కాదు, చేతులు కలిపి నిలుచున్న వరుసకు చెందినది. ఒక వరుస ఒక పాదము నెత్తుకొనును. ఎదుటి వరుస దానినేగాని, దానికి జవాబునేగాని అందుకొనును. మొదటివారి చివరి అక్షరము ఇంకను గాలిలో నిలిచియుండగనే రెండవవారి తొలి అక్షరము దానిమీద వచ్చి పడును. ఆ పడుటలో కలుగు క్షణకాలపు ఒరపిడియే, నా మట్టుకు, ఈ సంగీతమునకు ప్రాణము. మెరుగుపెట్టిన శబ్దశాలలో ఎందఱు నిపుణులు కూర్చుండి పాడినను ఆ ఒరపిడి పుట్టదు; తెల్లవారువఱకు కలిసి ఆడుదుమని ముందుగనే నిశ్చయించుకొన్నవారికి మాత్రమే అది చేతనగును.

స్వరముల సంఖ్య తక్కువ. తఱచుగ నాలుగైదింటికి మించని ఆ చిన్న పరిధిలో ఏమి సంగీతమున్నదని ప్రశ్నించు విద్వాంసులు లేకపోలేదు. వారికి నే నొక్క ఉపాయము చెప్పుదును. మొదటిమారు గొంతులను మఱచి డోలును మాత్రమే వినవలెను; అది తాళము లెక్కపెట్టుట లేదనియు, అడుగులు నేలను తాకు బరువును మోయుచున్నదనియు అపుడు తెలియును. రెండవమారు డోలును మఱచి జవాబిచ్చువారిని మాత్రమే వినవలెను. మొదటివారికంటె వీరు వెంట్రుకవాసి ఆలస్యముగనో, వెంట్రుకవాసి తొందరగనో వచ్చుట వినబడును, ఆ తేడా ప్రతి ఆవృత్తమునను ఒక్క రీతిగ నుండదు. మూడవమారు అన్నిటిని కలిపి వినవలెను. మన రాగాలాపనలో స్వరము నిలువుగ పైకి పోయి సాధించు వైవిధ్యమును, ఈ పాట కాలమునందు అడ్డముగ విస్తరించి సాధించుచున్నదని శ్రద్ధగ విన్నవానికి తెలియకపోదు. సిరొంచలోను, ఆవలి ఒడ్డున కాళేశ్వరములోను బతుకమ్మ చుట్టు తిరుగుచు ఒకరు చెప్పగ పదిమంది ఉయ్యాలో యని అందుకొను తెలుగు ఆడుబిడ్డలకు దీనిని నేర్పవలసిన పనిలేదు. పదము వేఱైనను పద్ధతి వారికి పుట్టుకతోనే తెలియును.

సంగ్రాహకుని గుణమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. నైట్ మహాశయుడు మొదట ఆఫ్రికా ఖండపు పశ్చిమ తీరమున, గాంబియా దేశపు మాందింకా గాయకుల కోరా అను తంత్రీవాద్యమును నేర్చి, దానిపై పరిశోధన చేసినవాడు; వాద్యమును చేతితో పట్టి నేర్చిన తరువాత శాస్త్రము వ్రాసినవాడు. అందువలన ఆయన చెవికి జాతుల వర్గీకరణముకంటె వ్రేలి కదలిక మీదను, చర్మపు బిగువు మీదను ఆసక్తి మెండు. మండ్లా ప్రాంతపు ప్రధాను అను గాయకజాతివారి చేతిలో మిగిలియున్న బీన్‌బాజా అను విల్లు వీణను గూర్చి ఆయన 1985లో ఒక వ్యాసము ప్రకటించెను. అమరావతి శిల్పములలో స్త్రీల ఒడిలో కనబడు ఆ వంపు వీణ దక్షిణదేశమున వాడుక నుండి తొలగి ఎన్నియో శతాబ్దములైనది. సముద్రగుప్తుని నాణెముపై రాజు వాయించుచున్నదియు ఆ జాతి వీణయే. మన మ్యూజియములలో రాతి మీద చూచి మురియుచున్న వాద్యమునకు చుట్టము గోండు సీమలో మ్రోగుచున్నదని మనవారికంటె ముందుగ ఒక ఓబర్లిన్ అధ్యాపకుడు లోకమునకు చాటుట మనము గమనింపదగిన సంగతి. అట్టి చెవి గలవాడు కూర్చిన రికార్డు గనుకనే దీనిని మానవశాస్త్రపు అనుబంధముగ గాక, సంగీతముగ వినవలెనని నేను పట్టుపట్టుచున్నాను.

ఇంత గుణమున్నదానికి తగిన పేరు రాకపోవుటకు కారణములు వెదకినచో అవి చరిత్రలో దొరకును. బస్తరును గూర్చి బయటివారు వ్రాసిన తొలి వ్రాతలలో నొకటి మన సిరొంచ నుండియే వెలువడినది. ఎగువ గోదావరి జిల్లాకు సిరొంచ ముఖ్యపట్టణముగ నున్న దినములలో అచటి డిప్యూటీ కమిషనరు గ్లాస్‌ఫర్డు 1862లో బస్తరు సంస్థానమును గూర్చి ఒక నివేదిక వ్రాసెను. నాగపూరు మిషనరీ స్టీఫెన్ హిస్లాప్ సేకరించిన గోండుల లింగో గాథ ఆయన మరణానంతరము 1866లో అచ్చైనది. 1938లో గ్రిగ్సన్ మారియాలను గూర్చియు, 1947లో వెరియర్ ఎల్విన్ మురియాలను, వారి యువజన నివాసశాలయైన ఘోటుల్‌ను గూర్చియు ఉద్గ్రంథములు వ్రాసిరి. 1960, 1961 సంవత్సరములలో వాల్టర్ కాఫ్‌మన్ అను సంగీతజ్ఞుడు కొండ మారియాల, మురియాల పాటలకు స్వరలిపి వ్రాసి, వాద్యములను వర్ణించి, అమెరికాలోని ఒక శాస్త్రపత్రికలో ప్రకటించెను. ఇట్లు మొదట కథగ, పిమ్మట వర్ణనగ, ఆ పిమ్మట స్వరలిపిగ లోకమున కందిన ఈ పాట, ధ్వనిగ మన చేతికి వచ్చునప్పటికి 1983 అయ్యెను. అప్పటికే పుస్తకముల ప్రభావమున పాఠకుల కుతూహల మంతయు ఘోటుల్ యువతీయువకుల స్వేచ్ఛ మీదికి పోయి, కెమెరాలు పట్టుకొని వచ్చువారు ఎక్కువై, పాట ఆ కుతూహలమునకు నేపథ్యముగ మాత్రమే మిగిలినది. పైగా అట్టమీది ‘ట్రైబల్’ అను విశేషణము ఆ రికార్డును సంగీతపు బల్ల నుండి తీసి మానవశాస్త్రపు బీరువాలో పెట్టినది.

తెలుగువారమైన మన దోషమును దాచుట న్యాయము కాదు. వింజమూరి సోదరీమణుల గొంతున పల్లెపాట సభలకెక్కినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున బిరుదురాజు రామరాజుగారు తెలుగు జానపద గేయసాహిత్యమును పరిశోధించి దానికి పండిత గౌరవము తెచ్చిరి. నేదునూరి గంగాధరంగారివంటివారు ఊరూర తిరిగి మూటలు కట్టి తెచ్చిరి. అదంతయు గొప్ప సేవయే. కాని జానపదమనగ తెలుగు పల్లె యనియు, అడవిలో పాడునది మఱేదో శాఖవారు చూచుకొనవలసిన దనియు మనలో ఒక విభజన నిలిచిపోయినది. మరాఠీవారి సంగతియు దీనికి భిన్నముగ లేదు. బాబా ఆమ్టే 1973లో భామ్రాగడ్ చెంత హేమల్‌కసాలో లోక్ బిరాదరీ ప్రకల్పమును ప్రారంభింపగ, ప్రకాశ్, మందాకినీ ఆమ్టే దంపతులు అచట చేసిన వైద్యసేవకు 2008లో మెగసెసే పురస్కారము లభించినది; ఆ ఆస్పత్రి వలనను, ఆ బడి వలనను మాడియా అను పేరు మహారాష్ట్రమున ఇంటింట తెలిసినది. ఆకలిగొన్నవాడుగ, రోగిగ, విద్యార్థిగ మాడియాను ఎఱిగిన నాగరికలోకము అతనిని గాయకునిగ ఎఱుగుటకు ఇంకను సమయము చిక్కించుకొనలేదు.

ఇంతకును ఆ రికార్డు అలభ్యమైనదా యన్నచో, కాదు. ఇదియే నాకు మిక్కిలి విచిత్రముగ తోచు విషయము. 1948లో మోజెస్ ఆష్ స్థాపించిన ఫోక్‌వేస్ సంస్థకు ఒక నియమ ముండెడిది: ఎంత తక్కువ అమ్ముడుపోయినను ఏ రికార్డును జాబితా నుండి తొలగింపరాదు. ఆయన 1986లో కాలధర్మము చెందిన పిమ్మట, 1987లో వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంస్థ ఆ 2,168 రికార్డులను స్వీకరించునపుడు, అన్నిటిని ఎల్లప్పుడు లభ్యముగ నుంచవలెనను షరతునకు సమ్మతించెను. ఆ మాట నేటికిని చెల్లుచున్నది. సెల్‌ఫోను చేతనున్న ఏ భామ్రాగడ్ పిల్లవాడైనను, టవరు అందిన దినమున, తన తాతల ఈడువారి గొంతులను వినవచ్చును. వినుట లేదు, ఎందుకనగ అట్టిదొకటి కలదని వానికి చెప్పినవారు లేరు.

ఒక సంగతి మనవి చేసెదను. ఇప్పపూల కాలమున ఒక సంతదినమున, టీకొట్టు బల్లపై కూర్చుండి ఫోనులో ఆ రికార్డును పెట్టితిని. ప్రక్కనే గంపలో ఎండిన ఇప్పపూలను సోలతో కొలిచి పోయుచున్న ఒక మాడియా అవ్వ కొలత ఆపి, చెవి యొగ్గినది. నన్ను గాని, ఫోనును గాని ఆమె చూడలేదు. పెదవులు కదలినవి, మడిచిన మోకాలిపై కుడిచేతి వ్రేళ్లు దెబ్బ వేయసాగినవి. కొంతసేపటికి తల అడ్డముగ ఆడించి, “అటు దరివాళ్లు తోక సాగదీస్తారు, మేం తెంపుతాం,” అని మాడియా కలిసిన తెలుగులో తీర్పు చెప్పి, మరల సోల అందుకొన్నది. పాదాంతమున స్వరమును నిలుపుటలో రెండు ఒడ్ల నడుమనున్న భేదమును ఆమె రెండు ముక్కలలో చెప్పినది. ఆ మాట విని నేను నిశ్చయించుకొన్న దేమనగ, ఈ రికార్డుకు వ్యాఖ్యానము వ్రాయగల పండితులు ఈ తాలూకా సంతలలోనే ఉన్నారు. వారి మాటను వ్రాసికొనువారే కావలయును.

అభిమానిని గనుక దోషములను కప్పిపుచ్చుదు నని తమరు శంకింపవలదు. ఎల్.పి. రికార్డునకు రెండు ముఖములు; ఒక్కొక్క ముఖమున ఇరువది నిమిషములకు అటునిటు మాత్రమే ధ్వని పట్టును. రాత్రి మొదలై కోడికూతకు ముగియు పాటకు ఆ పళ్లెము చాలదు; అందులో మనకు దక్కునవి తునకలు. పాట ఎచట వేడెక్కునో అచట తఱచు చేయి వెనుకకు తీయవలసి వచ్చుట ఆ యుగపు యంత్రము చేసిన అన్యాయము. వివరణములన్నియు ఇంగ్లీషున నుండుటచే పాడినవారి పిల్లలకు అవి అందవు. మఱియు ఒక్క రికార్డు మొత్తము ఒక జనసమూహపు సంగీతమునకు ప్రతినిధి యని వినువారు భ్రమపడు ప్రమాదమును కలదు. ఈ మూడింటికిని పరిహారము నేడు సాధ్యము. చేయవలసినవారు ఇచటనే ఉన్నారు.

రికార్డు తిరిగి ఊరు చేరినపు డేమి జరుగునో చూపు దృష్టాంతములు లోకమున కలవు. ఫోక్‌వేస్ సంస్థయే 1952లో హ్యారీ స్మిత్ కూర్చిన అమెరికా జానపద సంగీత సంకలనమును ప్రకటించెను. అందలి పాత గొంతులలో మిసిసిపీ జాన్ హర్ట్ అను నల్లజాతి రైతుది ఒకటి. 1928లో పాడి, మరల పొలమునకు పోయిన ఆయనను లోకము పూర్తిగ మఱచినది. ఆయన పాత రికార్డులలో నొకదానిలో వినబడిన అవలాన్ అను ఊరిపేరు పట్టుకొని 1963లో ఒక యువకుడు వెదకుచు పోగ, ఆయన అదే ఊర సజీవుడై యుండెను; ఆ యేడే వేలకొలది శ్రోతల యెదుట మరల పాడెను, మూడేండ్లకు కన్నుమూసెను. ఒమాహా జాతివారి కథ ఇంతకంటె మనకు దగ్గరది. 1890ల దశకమున మైనపు గొట్టములపై నమోదైన వారి పాటలను అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెసు 1979లో ప్రారంభించిన ఒక పథకము క్రింద శుభ్రపఱచి, 1983లో నెబ్రాస్కాలోని వారి వార్షికోత్సవమున ప్రతులను వారికే అప్పగించెను. ఆ పిమ్మట రెండేండ్లకు, వారి పెద్దలతో సంప్రదించి ఒక ఆల్బముగ వెలువరించెను. మన పాట న్యూయార్కున అచ్చుకెక్కిన యేటనే వారి పాట వారింటికి చేరినదన్నమాట.

మన దేశమునను ఈ భావము క్రొత్తది కాదు. విదేశ పండితులు ఇచట నమోదు చేసికొని పోయిన సంగీతపు ప్రతులు ఈ దేశమున నుండవలెనను ఆశయముతో నజీర్ జైరాజ్‌భాయ్ అను సంగీతశాస్త్రజ్ఞుని పూనికపై, అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారు 1982లో ఒక ధ్వని భాండాగారమును నెలకొల్పిరి. అది నేడు గురుగ్రామమున పనిచేయుచున్నది. ఆర్నాల్డ్ బాకె అను డచ్చి పండితుడు 1938లో దక్షిణదేశమున నమోదు చేసిన పాటలను 1984లో జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ వెంటగొని ఆయా ఊళ్లకే పోయి వినిపించి, ఏది నిలిచినదో, ఏది మాఱినదో పరిశీలించిరి. ఆ మార్గమున నడచుటకు తమకు కావలసిన పరికరములు స్వల్పము: ఒక శబ్దయంత్రము, ఒక కలము, మాడియా తెలిసిన ఇద్దఱు విద్యార్థులు.

కావున నా విన్నపములు ఇవి. మొదటిది, తమ విశ్వవిద్యాలయము ఆ రికార్డును వివరణ పుస్తికతో సహా తెప్పించి, భామ్రాగడ్, లాహేరి, ఏటపల్లి ప్రాంతపు బడులలో పెద్దలను, పిల్లలను ఒక్కచోట కూర్చుండబెట్టి వినిపింపవలెను. రెండవది, వినిన పెద్దలు చెప్పు మాటలను, ఇది పెండ్లిదా, జాతరదా, ఎవరెవరు ఎదురెదురుగ నిలుతురు, తోక సాగదీయువారెవరు, తెంపువారెవరు అను వివరములను వారి నుడిలోనే వ్రాసికొని, మరాఠీ, తెలుగు అనువాదములతో ఒక చిన్న పుస్తకముగ అచ్చు వేయింపవలెను. మూడవది, ఆవలి ఒడ్డు పాట లోకమున కందినది గనుక ఈ ఒడ్డు పాటను నమోదు చేయవలెను. ఈమాఱు తునకలుగ గాక, ఒక రాత్రి పాటను మొదటినుండి తుదివఱకు పట్టవలెను. ప్రతి గొంతునకును పేరు, ఊరు, అంగీకారము వ్రాయవలెను. ఒక ప్రతి పాడినవారి పల్లెలోనే నిలువవలెను. నాలుగవది ఒక నిషేధము: దానికి కీబోర్డు వాద్యములు తగిలించి, లౌడుస్పీకరుకు తగునట్లు సంస్కరించు ప్రలోభమునకు లోబడరాదు.

ఆలస్యమేల కూడదో చెప్పుటకు తెలుగుదేశమునే సాక్షిగ చూపెదను. హైమెండార్ఫ్ అను మానవశాస్త్ర పండితుడు 1940ల దశకమున వసించిన మార్లవాయిలో పుట్టి, గుస్సాడీ నాట్యమునకు జీవితమును ధారపోసిన కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చినది. సమ్మక్క సారలమ్మల వంశగాథను కోయనుడిలోను, తెలుగులోను డోలి వాయించుచు పాడిన సకిని రామచంద్రయ్యగారికి 2022లో వచ్చినది. ఇరువురును 2024లో కాలధర్మము చెందిరి. ప్రభుత్వమువారు గౌరవించినందులకు సంతోషింపవలసినదే; అయినను పతకము గోడకు వ్రేలాడును, కంఠస్థమైన గాథ మాత్రము నమోదైనంత మేరకే నిలుచును. ఇచట ఇప్పపూలు కొలుచు అవ్వకు పతకముతో పనిలేదు, ఆమె తీర్పును వ్రాసికొను పుస్తకముతో పనియున్నది.

తెలుగు పాఠకులారా, ఉపకులపతులవారికి వ్రాసిన లేఖలో మీకును రెండు మాటలు. కాళేశ్వరమునకు పుష్కరస్నానమునకు వచ్చి, వంతెన దాటి సిరొంచ కోట చూచి మరలిపోవు మీరు, ఆ దారిననే ఆలాపల్లి మీదుగ భామ్రాగడ్ వఱకు తెలుగు మాట చెల్లుచున్నదని గుర్తుంచుకొనుడు. ఆదిలాబాదు ఆకాశవాణివారు ఈ రికార్డు నుండి తగిన అనుమతితో వారమున కొక పాట వినిపించినచో, గోదావరి కిరుదరుల గోండులును, కోయలును, వారితో ఒకే భాషాశాఖకు చెందిన మనమును కలిసి వినగల కార్యక్రమ మొకటి యగును. అందులకు జాబులు వ్రాయుట మీ వంతు.

మహాశయా, ఈ రికార్డు గొప్పదని నా అభిప్రాయము. దానిని తమరు అంగీకరింపనక్కఱలేదు. విని నిరాకరించినను నాకు సమ్మతమే. వినకుండ మాత్రము ఊరకుండవలదు. రానున్న వానలకు పర్లకోట వంతెన మునుగకమున్నే, ఒక్క సాయంకాలము, ఒక్క ఆశ్రమశాలలో, రెండు ముఖములను పూర్తిగ వినిపింపజేయుడు. అందులకు యంత్రమును, బల్లలను, టీని సమకూర్చు భారము నాది. పెద్దలను పిలుచు భారము ఊరివారిది. వ్రాసికొను భారము తమది.

ఇట్లు,
భవదీయ విధేయుడు,
సిరొంచ తాలూకా శ్రోత యొకడు